కాలువ కట్టేసిన రెండు నెలలు

మొన్న పేపర్లో చిన్న వార్త పడింది. ఫలానా తేదీ నుంచి గోదావరి డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, ఈలోగా మంచినీటి చెరువులు నింపుకోవాలి అని. ఏటా ఏప్రిల్లో వచ్చే వార్తే. బెండకాయలు తరుగుతూ పైకే చదివాను. మా అత్తగారు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. చటుక్కున లేచి కూర్చుని, "మన చెరువు నింపారంటనా?" అన్నారు.

మేముండేది ఏలూరులో, మూడో అంతస్తులో. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, తాగడానికి డబ్బా నీళ్ళు గుమ్మం దాకా వస్తాయి. గుండుగొలను వదిలొచ్చి పదకొండేళ్ళయింది. అయినా ఆవిడకి ఏప్రిల్ వస్తే చెరువే గుర్తొస్తుంది. "నింపే ఉంటారు అత్తయ్యా, మనకెందుకు?" అన్నాను. "ఎందుకంటావేమిటే, రెండు నెలలు!" అన్నారు.

ఆ రెండు నెలల గురించే ఈసారి రాద్దామనుకుంటున్నాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మావయ్యగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో పద్దుల పుస్తకాలు దొరికాయి. పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టలతో ఉంటాయే, అవి. 1961 నుంచి మొదలు. ఊడ్పుల కూలీ, కలుపు కూలీ, కోత, నూర్పు, పెంట తోలిన బండ్లు, ఎడ్లకి నాడాలు, అన్నీ పైసలతో సహా రాసుకున్నారు. ప్రతి ఏడాదీ చైత్రం చివర నుంచి ఏరువాక దాకా మాత్రం పేజీలు దాదాపు ఖాళీ. ఒకటి రెండు పద్దులు, అంతే. "ఎండాకాలం రైతుకి ఖాళీ కదా" అన్నారు మావారు అది చూసి. మా అత్తగారు ఆ మాట విని ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం నాతో అన్నారు: "నాకు ఆ రెండు నెలలూ కూర్చునే తీరిక ఉండేది కాదమ్మా."

గుండుగొలను తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, భీమడోలు పక్కనే ఉంటుంది. చెన్నై, కలకత్తా హైవే అదే, రైలు మార్గం అదే, గోదావరి ఏలూరు కాలువ దారీ అదే. ఉత్తరానికి వెళ్తే మెట్ట. ద్వారకా తిరుమల వైపు ఎర్రనేలలు, మామిడి తోటలు, జీడిమామిడి, పొగాకు. దక్షిణానికి దిగితే పల్లం. వరిచేలు, బోదెలు, ఇంకా దిగితే కొల్లేరు. మెట్ట వాళ్ళకి పల్లం చూస్తే అసూయ. నీళ్ళున్నవాళ్ళు కదా! ఎండాకాలంలో ఆ అసూయకి అర్థం ఉండేది కాదని మా అత్తగారు అంటారు. మెట్టలో లోతుగానైనా నూతిలో తియ్యటి నీళ్ళుండేవి. పల్లంలో కాలవ కట్టేస్తే కళ్ళముందు నేల నెర్రెలు విచ్చేది, నూతి నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉండేవి.

ఈ కాలువ సంగతి మనందరికీ బడిలో చెప్పిందే. 1832-33లో వచ్చిన నందన కరువుని మనవాళ్ళు డొక్కల కరువన్నారు. ఆ తరవాత కూడా ఈ ప్రాంతం కోలుకోలేదు. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేల మంది జనం ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు మాయమయ్యారన్నమాట. అవతల గోదావరి మాత్రం నిండుగా సముద్రంలోకి పోతూనే ఉంది. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కి పూర్తయింది. దాంతో కాలువలు, కాలువలతో వరి, వరితో మనం. ఇదంతా నిజమే. దొర పుట్టినరోజు మే 15న ఇప్పటికీ మా ఊళ్ళవైపు బొమ్మలకు దండలు వేస్తారు. ఒక్క సంగతి చూడండి, మే 15 అంటే సరిగ్గా కాలువలో చుక్క నీళ్ళుండని రోజు. నాకీ విషయం అత్తగారు చెబితేగానీ తట్టలేదు. "దొర పుట్టినరోజుకి దొర కాలవలో పిల్లలు గోళీలాడేవారు" అంటారు ఆవిడ.

కాలువ ఎందుకు కట్టేస్తారంటే, గోదావరిలో ఆ నెలల్లో నీళ్ళు తగ్గిపోతాయి, పొలాల్లో పంట ఉండదు, లాకులూ తూములూ బాగుచేసుకోవడానికి, పూడిక తీయడానికి అదే అదను. ఇంజనీర్ల లెక్కలో అది మరమ్మతుల కాలం. రైతు లెక్కలో ఖాళీ కాలం. ఆడవాళ్ళ లెక్కలో అదేంటో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

మా అత్తగారు 1964 మే నెలలో కాపురానికి వచ్చారు. పుట్టిల్లు నిడదవోలు దగ్గర పల్లెటూరు. కాలువలో నీళ్ళుంటే పడవలో సారె వచ్చేదట. అప్పటికింకా కాలువల మీద సరుకుల పడవలు తిరుగుతూనే ఉన్నాయి. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా మద్రాసు దాకా నీటి దారి ఉండేది కదా ఒకప్పుడు. కానీ పెళ్ళి ముహూర్తం మండు వేసవిలో. కాలువ ఎండిపోయింది. సారె మూడు ఎడ్లబళ్ళ మీద, దుమ్ము కొట్టుకుంటూ వచ్చింది. దిగీ దిగగానే వాళ్ళ అత్తగారు కొత్త కోడలి చేతికిచ్చింది ఇత్తడి బిందె. "పసుపు గుడ్డ కూడా విప్పలేదు" అని నవ్వుతారు ఇప్పుడు.

పొలం రెండున్నర ఎకరాలు మాగాణి, అది కాక మెట్టలో అర ఎకరం చెలక. రెండు ఎడ్లు, ఒక గేదె, ఒక పెయ్య. ఇంట్లో తొమ్మిది మంది. చెరువు ఇంటికి మూడు ఫర్లాంగులు. కాలువ కట్టేసే ముందు ఊళ్ళో పెద్దలు దగ్గరుండి చెరువు నింపించేవారు. తరవాత గట్టు మీద కాపలా. గేదెల్ని దిగనిచ్చేవారు కాదు, బట్టలుతకనిచ్చేవారు కాదు. ఆ నీళ్ళే జూన్ దాకా తాగాలి.

పొద్దున మూడున్నరకి లేచి నాలుగు బిందెలు. ఆలస్యమైతే రేవు దగ్గర నీళ్ళు కలిగిపోతాయి. మళ్ళీ పొద్దువాలాక నాలుగు. మే మూడో వారానికి చెరువు సగానికి దిగిపోయేది. రోజుకో మెట్టు కిందికి దిగాలి. ఎన్ని మెట్లు బయటపడ్డాయో చూసి జూన్‌కి ఎన్నాళ్ళుందో చెప్పేసేవారట ఆడవాళ్ళు. తెచ్చిన నీళ్ళు పచ్చగా, నాచు వాసన వేస్తుండేవి. కుండ లోపల చిల్లగింజ అరగదీసి పోస్తే రాత్రికి బురద అడుగుకి దిగేది. పైన తేట వేరే కుండలోకి వడగట్టి, అడుగుది గోలెంలో కుడితికి పోసేవారు. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి. పిల్లలకి నీళ్ళు పోస్తే ఆనపపాదు పక్కన రాతి మీదే పోయాలి. గిన్నెలు ముందు బూడిదతో తోమి చివర్న ఒక్కసారే తొలపాలి. ఒకే నీటిని మూడుసార్లు వాడాలన్నమాట. నేను స్నానం చేసి బయటికొస్తే మా అత్తగారు ఇప్పటికీ బకెట్లో ఎన్ని నీళ్ళు మిగిలాయో చూస్తారు. మొదట్లో చిరాకేసేది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఇది చరిత్ర అవదు. ఆ చెరువు అందరిదీ కాదు. పేటలో ఆడవాళ్ళు రేవులోకి దిగడానికి లేదు. గట్టు మీద నిలబడి ఎవరైనా పోస్తే పట్టుకోవాలి, లేదంటే కాలువలో మిగిలిన మడుగుల దగ్గర చెలమ తవ్వుకోవాలి. మా పొలంలో ఊడ్చినవాళ్ళూ, కోసినవాళ్ళూ వాళ్ళే. కాలువ కట్టేసిన రెండు నెలలూ వాళ్ళకి కూలీ కూడా లేదు. పూడిక పనో, రైలు కట్ట మీద మట్టి పనో దొరికితే దొరికినట్టు. "నువ్వు పోసేదానివా అత్తయ్యా?" అని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "పోసేదాన్ని. పైనుంచి" అన్నారు. అంతకంటే ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక పని. మగవాళ్ళకి ఆ నెలల్లో పని లేదనడం అన్యాయం. చెరువు మట్టీ, పెంటా బళ్ళ మీద చేలోకి తోలేవారు. తాటాకు కొట్టి ఇల్లు నేసేవారు. పగ్గాలు పేనేవారు, మేడి, కాడి చూసుకునేవారు. కానీ పదిగంటలకల్లా ఎండెక్కేది, చెట్టుకింద మంచాలు పడేవి. ఆ పదిగంటలకే ఆడవాళ్ళ పని మొదలు. ఎందుకంటే వాళ్ళకి కావలసింది ఆ ఎండే.

చింతపండు పిక్కలు తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి కుండల్లో తొక్కడం. మిరపకాయలు తొడిమలు తీసి ఎండబెట్టి దంచడం. కందులకు ఎర్రమన్ను పట్టించి ఆరబెట్టడం, తిరగలిలో విసిరి పప్పు చేయడం. మినుములు బాగుచేసి వేపాకు వేసి కుండలకు మూత వేసి మెత్తడం. బియ్యప్పిండి వడియాలు, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు. ఆనప, బీర, దోస, వంగ గింజలు బూడిదలో కలిపి చిన్న ముంతల్లో దాచడం. విత్తనాల ధాన్యం మళ్ళీ ఒకసారి ఎండలో పోసి, తాలు చెరిగి, పురిలోంచి విడిగా పెట్టడం. పురి అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు, గడ్డితాడు చుట్టి చుట్టి కట్టే ధాన్యపు గాదె. ఆ విత్తనం బస్తా జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. అమ్మిందెంత, తిన్నదెంత అనేది మావయ్యగారి పుస్తకంలో ఉంది గానీ, విత్తనం ముక్కిపోకుండా కాపాడింది ఎవరో లేదు.

ఇవి కాక పిడకలు. వర్షాలొస్తే పొయ్యిలోకి ఎండు పుల్ల దొరకదు. కందికంప, తాటిమట్టలు కట్టలు కట్టి చూరు కింద పేర్చాలి, పిడకలు గోడలకు కొట్టి, ఎండాక గూడు కట్టి పైన పేడ మెత్తాలి. మా అత్తగారి అరచేతి ముద్రలున్న గోడ ఒకటి నేను కాపురానికొచ్చేనాటికి కూడా ఉండేది. తరవాత సున్నం కొట్టేశారు.

మామిడికాయలు నూజివీడు వైపు నుంచి బళ్ళ మీద వచ్చేవి, కొన్ని మెట్ట తోటల నుంచి. మా ఇంట్లో ఏటా మూడు వందల కాయ ఆవకాయ! నవ్వకండి. నేను కూడా మొదటిసారి విని "తొమ్మిది మంది మూడు వందల కాయ తినేవారా?" అని నవ్వాను. అప్పుడావిడ చెప్పిన జవాబు వింటే నాకు ఆ ఖాళీ పేజీలు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఆ పచ్చడి ఇంటివాళ్ళ కోసం కాదు. సగం కంటే ఎక్కువ ఊడ్పుల కోసం. ఎకరం ఊడ్చాలంటే ఎనిమిది పది మంది కావాలి. ఆకు తీసేవాళ్ళు వేరు. తరవాత రెండు కలుపులు. దుక్కికి వచ్చినవాళ్ళూ, గట్లు చెక్కేవాళ్ళూ. వాళ్ళందరికీ కూలీ గింజలతోపాటు పొద్దున చద్దన్నం, అంబటేళకి గంజో మజ్జిగో పెట్టాలి. ఆషాఢం, శ్రావణం నెలల్లో కూరగాయలుండవు, చేతిలో డబ్బుండదు. పోయినేడు ధాన్యం అమ్మిన డబ్బు ఎప్పుడో అయిపోయింది, కొత్త పంట డిసెంబరులో గానీ రాదు. అలాంటప్పుడు ముద్దలో పెట్టడానికి ఏముంది? మేలో పట్టిన జాడీ ఉంది. "ఎవరింట్లో పచ్చడి బాగుంటే వాళ్ళ చేలోకి ముందొచ్చేవారమ్మా ఊడ్పులకి" అన్నారు ఆవిడ. వారం ముందు ఊడ్చిన చేనుకీ, వారం తరవాత ఊడ్చిన చేనుకీ తేడా ఏంటో వరి పండించేవాళ్ళనడగండి.

అంటే ఆ జాడీలు, ఆ పిడకల గూడు, ఆ చింతపండు కుండ సార్వా పంటకి పెట్టుబడి. పెంట బండి పద్దు ఎలా రాస్తారో, ఇదీ అలా రాయవలసిన పద్దు. రాయలేదు. ఎందుకంటే దానికి పైసా బయటికి పోలేదు. మిరపకాయలు మెట్ట చెలకలోవి, నూనె మన నువ్వులు గానుగాడించుకున్నది, కష్టం ఇంటిది. బయటికి పోని డబ్బు పుస్తకంలోకి రాదు. పొదుపు చేసినవాళ్ళ పేరు ఆ రకంగా మాయమైపోతుంది.

ఇన్ని పనుల మధ్య తిండి మాత్రం తేలిగ్గా ఉండేది. తరవాణి కుండ ఒకటి అటక కింద చల్లటి మూల ఉండేది. వార్చిన గంజి రోజూ అందులో పోసి పులియనిచ్చి, ఆ పుల్లటి తేటలో అన్నం కలుపుకుని ఉల్లిపాయతో తినేవారు. కడుపులో చల్లగా ఉండేదట, వడదెబ్బ కొట్టేది కాదట. నేను ఒకసారి ఫ్లాట్లో ప్రయత్నించాను, ఇంట్లో ఎవరూ ముట్టలేదు. తాటిముంజలు కావలసినన్ని. కాలువ ఎండుతుండగా మడుగుల్లో చేపలు పట్టడం పిల్లలకి పండగ. కొల్లేరు లంకల వైపు నుంచి ఆడవాళ్ళు గంపల్లో కొర్రమేనులు, జెల్లలు తెచ్చేవారు. ధాన్యమో చింతపండో ఇచ్చి తీసుకునేవారు. నీరు తగ్గేకొద్దీ సరస్సులో చేప ఒకచోట చేరుతుంది కాబట్టి వాళ్ళకి ఆ నెలలే చేతినిండా పని. వైశాఖంలో ద్వారకా తిరుమలలో స్వామి కల్యాణం. చిన్న తిరుపతి అంటాం కదా. రాత్రి చల్లబడ్డాక బళ్ళు కట్టుకుని వెళ్ళి, మర్నాడు రాత్రికి తిరిగొచ్చేవారు. ఏడాదికి అదొక్కటే ప్రయాణం మా అత్తగారికి. కొండ మీద నుంచి దిగుతూ ఏం దండం పెట్టుకున్నావు అని వాళ్ళ తోడికోడలు అడిగితే "చెరువులో నీళ్ళుండాలని" అన్నారట.

పొయ్యి గురించి చెప్పాలి. పడమటి గాలి మొదలయ్యాక తాటాకు ఇళ్ళున్న ఊళ్ళో పగలు పొయ్యి వెలగకూడదు. తెల్లారేలోగా వంట ముగించి, నిప్పుల మీద నీళ్ళు చల్లి, బూడిద కప్పి, చెయ్యిపెట్టి చూసుకోవాలి. ఇల్లాలి జాగ్రత్త మీద ఊరు ఊరంతా ఆధారపడి ఉండేది. చెరువులో నీళ్ళు తక్కువ, ఫైరింజను ఏలూరు నుంచి రావాలి.

1968 మేలో, మధ్యాహ్నం పూట, మా గడ్డిమేటు అంటుకుంది. నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మా పొయ్యిలోది కాదని అత్తగారు అరవై ఏళ్ళ తరవాత కూడా ప్రమాణం చేసి చెబుతారు. ఎవరూ ఆవిణ్ణి అనకపోయినా. బిందెలు చేతులు మారుతూ వచ్చాయి, ఆ రెండు గంటలూ రేవులోకి ఎవరు దిగారో ఎవరూ చూడలేదు. పేటలోని ఆడవాళ్ళే ముందు దిగారట. పక్కింటి పశువుల పాక పైకప్పు లాగి పడేశారు, మంట అటు పాకకుండా. ఇల్లు దక్కింది. మేటు మాత్రం బూడిద కుప్పయింది.

ఇది విని నేను "ఇల్లు మిగిలింది కదా, గడ్డే కదా పోయింది" అన్నాను. పట్నంలో పెరిగినదాన్ని. మేలో గడ్డి పోవడం అంటే ఏమిటో అప్పుడు చెప్పారు. మళ్ళీ గడ్డి వచ్చేది డిసెంబరులో. వరి కోసేముందు చేలో చల్లిన పిల్లిపెసర, జనుము అప్పటికే అయిపోయాయి. ఎడ్లు బక్కచిక్కితే జూన్‌లో దుక్కి లేదు, దమ్ము లేదు. ఎరువు ఎడ్లు దొరకవు, అందరి దుక్కీ ఒకేసారి. గేదె వట్టిపోతే పాలు లేవు, మజ్జిగ లేదు. రెండున్నర ఎకరాల రైతు ఒక్క ఏడాది పంట వేయలేకపోతే అప్పు పుడుతుంది. అప్పు పుడితే ఆ రెండున్నర రెండవుతుంది. ఊళ్ళో అలా కరిగిపోయిన ఇళ్ళు ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు.

మూడో రోజు మా అత్తగారు పుట్టింటివాళ్ళు పెట్టిన కాసులపేరు తీసి మావయ్యగారి చేతిలో పెట్టారు. ఏలూరు తీసుకెళ్ళి అమ్మి, కొల్లేరు వైపు పల్లెల్లో మూడు బండ్ల గడ్డి కొనుక్కొచ్చారు. ఆ ఏడాది ఆకుమడి సమయానికే పడింది.

పుస్తకం తీసి చూశాను. 1968, ఖాళీ పేజీల మధ్యన ఒకే పద్దు: "గడ్డి, బండ్లు 3", పక్కన రూపాయలు. అంతే. అదే ఏడాది పక్క పేజీలో ఫలానావారి దగ్గర తెచ్చిన చేబదులు రెండు రూపాయలు కూడా రాసి ఉంది, తిరిగి ఇచ్చాక కొట్టేసి ఉంది. గడ్డి కొన్న డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం లేదు. ఆవిడకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అప్పయితే రాస్తారు. ఇంటిదాని మెళ్ళోది అప్పెలా అవుతుంది?" అన్నారు. కోపం లేదు ఆ మాటలో. మావయ్యగారు మంచి మనిషి, చెడ్డ లెక్క రాసే మనిషి కాదు. అప్పటి లెక్కే అంత.

తరవాత ఎండాకాలం మారిపోయింది. దాళ్వా పెరిగింది. సీలేరు నీళ్ళూ, మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కొత్త వంగడాలూ కలిసి రెండో పంటని మామూలు చేసేశాయి. అందులో ఒకదాని పేరు కాటన్ దొర సన్నాలు. దొర బియ్యంలోకి కూడా వచ్చేశాడు. దాళ్వా కోతలు ఏప్రిల్లో. దాంతో వేసవి మగవాళ్ళకీ ఖాళీ కాకుండా పోయింది, ధాన్యం కళ్ళంలో ఉండగా మే గాలివానలు అనే కొత్త భయం వచ్చింది. 1990 మే 9న తుపాను కొట్టినప్పుడు తడిసి మొలకెత్తిన ధాన్యాన్ని ఇంట్లో, వసారాలో, మంచాల కింద పరిచి, వారం రోజులు కాళ్ళతో కలియదిప్పారట అత్తగారూ, తోడికోడలూ. ఆ పద్దు మాత్రం పుస్తకంలో ఉంది, ఎంతకి నష్టానికి అమ్మారో. గ్యాసు పొయ్యి వచ్చింది, పిడకల గోడ పోయింది. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి, ఎడ్లతో గడ్డి భయం పోయింది. పల్లంలో కింది చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. 2006లో కొల్లేరు ఐదో కాంటూరు లోపల చెరువులు కొట్టేసినప్పుడు మావాళ్ళు కూడా చూడ్డానికి వెళ్ళారు, జాతరకి వెళ్ళినట్టు. మా రెండున్నర ఎకరాలు ఇప్పటికీ వరే, కౌలుకిచ్చాం.

ఎండలు మాత్రం ఆవిడ ఎరిగినవి కావట. 2003లోనూ, 2015లోనూ మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. ఎక్కువమంది బయట కాయకష్టం చేసేవాళ్ళే. తరవాణి తాగితే సరిపోయే ఎండలు కావివి.

జూన్‌లో కాలువ వదిలే రోజు గురించి చెప్పమంటే మాత్రం ఆవిడ మొహం మారిపోతుంది. కబురు ముందే వచ్చేది, నిడదవోలు దాటాయట, గూడెం దాటాయట అని. జనం గట్టు మీద నిలబడి చూసేవారు. ముందు నీళ్ళు కావు, ఎండుటాకులు, నురగ, తాటిబుర్రలు దొర్లుకుంటూ వచ్చేవి. వాటి వెనక ఎర్రటి నీళ్ళు. ఆడవాళ్ళు పసుపు కుంకుమ వేసేవారు. తాగడానికి పనికిరావు ఆ నీళ్ళు, ఇంకో వారం చెరువులోవే తాగాలి. అయినా అందరూ ఒక చెంబు ముంచుకుని ఇంటికి తెచ్చేవారు.

నిన్న మామిడికాయలు కొనడానికి బజారుకెళ్తుంటే ఎన్ని తేవాలి అని అడిగాను. ఇంట్లో నలుగురం, పిల్లలు పచ్చడి ముట్టరు. "వంద తే" అన్నారు. వందా అత్తయ్యా అంటే, "ఊడ్పులొస్తాయి కదే" అనేసి, గభాలున నోటికి చెంగు అడ్డం పెట్టుకుని తనే నవ్వడం మొదలుపెట్టారు. నేను అరవై తెచ్చాను. ముక్కలు కొట్టించడం అయింది, ఇవాళ గుడ్డ మీద ఆరుతున్నాయి.